పై గీత మీది సంతకం

మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మా హోటలు ఎవరిదీ కాదు. భోజనాలవాళ్ళు వెళ్ళిపోతారు, సాయంత్రంవాళ్ళు ఇంకా రారు. కోళ్ళు కాల్చే పొయ్యి చల్లబడుతూ అప్పుడప్పుడు టక్కుమంటుంది. అద్దం తలుపుమీద ఆవిరి మెల్లగా జారుతుంటే, వీధిలో నడిచేవాళ్ళు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు కనిపిస్తారు. ఆ రెండు గంటలూ నేను వెనకబల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుంటాను. దాన్ని నిద్ర అనను. నిద్రపట్టే మనిషినైతే ఈ గొడవే వచ్చేది కాదు.

నాకు సరైన నిద్ర లేక పన్నెండేళ్ళు. కారణం ఒక కోడిపుంజు. హోటలు నెత్తిన కంపెనీవాళ్ళు పెట్టిన నారింజరంగు పుంజు అది, మనిషెత్తు ఉంటుంది, పొట్టనిండా దీపాలు. పొద్దుగూకినప్పటినుంచి తెల్లారేదాకా అది వెలుగుతూ ఉండాలని ఒప్పందం, హోటలు మూసి ఉన్నా సరే. నా గది సరిగ్గా దాని వీపు వెనక. కర్టెన్లు వేశాను, వాటిమీద దుప్పటి వేలాడదీశాను, కిటికీకి అట్టలు అంటించాను. అయినా ఏదో సందులోంచి వెలుగు లోపలికి వస్తుంది. గోడమీద నారింజ, చేతిమీద నారింజ, కళ్ళు మూస్తే రెప్పల లోపలా నారింజే. లోకంలో పుంజులన్నీ తెల్లారగట్ల లేపుతాయి. మాది అసలు పడుకోనే పడుకోనివ్వదు.

ఈ హోటల్ని నేనూ మా తోడికోడలూ కలిసి నడుపుతున్నాం. ఆవిడ పెద్ద, నేను చిన్న, అక్కా అనే పిలుస్తాను. మా ఆయనలు అన్నదమ్ములు. ఇద్దరికీ కలిపి ఒకే ఇనపసామాన్ల కొట్టు, ఒకే ఇల్లు, ఆ ఇంట్లో ఒకే బాత్రూము. అక్కడ అన్నిటికీ వరస ఉండేది. ముందు స్నానం పెద్దకోడలిది. ముందు కంచం పెద్దకోడలికి. పేపరు వస్తే మొదటి పేజీ ఆవిడ చదివాకే నాకు లోపలి పేజీలు. ఆఖరికి పోవడంలో కూడా పెద్దాయనే ముందు, రెండేళ్ళకి మా ఆయన. "చూశావా, వాళ్ళు కూడా వరస తప్పలేదు" అంది మా అక్క ఆ రోజు. ఆవిణ్ణి కొట్టాలో ఏడవాలో తెలియక ఆవిడ భుజంమీదే పడి ఏడ్చాను.

కొట్టు అమ్మిన డబ్బుతో ఈ కోడి హోటలు తీసుకుందామన్నది నేనే. పేరు కంపెనీది, మసాలా పాళ్ళు కంపెనీవి, వంట మాస్టరు వేసుకునే చొక్కా కూడా కంపెనీదే. పెట్టుబడీ చాకిరీ మనవి. అమ్మిన ప్రతి వందలోనూ ఏడు వాళ్ళకి కట్టాలి, పదహారేళ్ళపాటు. అక్కకి వాళ్ళాయన కొన్న ఫ్లాటు ఒకటి ఉంది. వచ్చి తనతో ఉండమంది. తువ్వాలు భుజానేసుకుని బాత్రూము ముందు మళ్ళీ కాపలా కాయడం నావల్ల కాదని మొహంమీదే చెప్పి, నేను హోటలు మీది గదిలో దిగాను. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే అదే.

ఇప్పుడు అమ్మేస్తున్నాం. అక్కకి కళ్ళు పాడయ్యాయి. ఎదురుగా ఉన్నది మసకబారిపోతుంది, అంచులు మాత్రం కనిపిస్తాయి. అందుకని ఆవిడ మనిషిని చూడాలంటే మొహం పక్కకి తిప్పుకుంటుంది. తెలియనివాళ్ళు చీదరించుకుందనుకుంటారు. నా మోకాళ్ళ సంగతి చెప్పడం మొదలుపెడితే ఈ కథలో ఇంక దేనికీ చోటుండదు.

అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి. ఎనిమిది నెలలు ఒక్కరూ రాలేదు. తొమ్మిదో నెలలో మా వంట మాస్టరే చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "నేను తీసుకుంటానమ్మా. బావమరుదులు తలా కాస్తా ఇస్తామన్నారు" అన్నాడు. నలభై లక్షలకి బేరం కుదిరింది. బేరం కుదిరాక కంపెనీవాళ్ళు వచ్చారు.

వాళ్ళ తరఫున వచ్చినాయనకి నేను క్లాజుగారని పేరు పెట్టాను. మంచినీళ్ళు కావాలా అంటే కూడా ఏ క్లాజు ప్రకారం అన్నట్టు చూస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. వెనకబల్ల దగ్గర కూర్చుని, మాకు రావలసిన నలభైని చిలక జామపండు తిన్నట్టు కొంచెం కొంచెంగా కొరికాడు. చేతులు మారుతున్నందుకు బదిలీ రుసుం. ప్రచారం నిధికి పాత బాకీ. కొత్త నమూనా ప్రకారం కుర్చీలూ గోడలూ మార్చి అప్పగించాలి, ఆ ఖర్చు అమ్మేవాళ్ళదే. కొనేవాడికి ఆరువారాల శిక్షణ, ఆ రుసుమూ మాదే. పన్నెండేళ్ళుగా ఆ కోడిని కాలుస్తున్నవాడికి ఆ కోడిని కాల్చడం నేర్పడానికి.

"మసాలా పాళ్ళు మీరు మర్చిపోవాలి" అన్నాడు చివర్లో.

"మర్చిపోతానని సంతకం పెట్టాలా?"

"అంటే, ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా వాడకూడదు. క్లాజు ఇరవైరెండు."

"కలలో వాడుకోవచ్చా?"

ఆయన నిజంగానే ఒకసారి కాగితంలోకి చూశాడు.

అన్నీ పోగా ఇరవైనాలుగు మిగిలింది. చెరి పన్నెండు. నా పన్నెండుతో ఏం చెయ్యాలో నాకు ఎప్పుడో తెలుసు. గడియారాలు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. వాళ్ళ సందు చివర, అవతలికి దారిలేని చోట, రెండు గదుల ఇల్లు అమ్ముతున్నాడు. పది లక్షలు ముందు, మిగతాది మెల్లగా. ఆ సందులో దీపస్తంభం లేదు. ఎదురుగా గోడ, గోడ వెనక గోదాము. నేను మొదటిసారి ఆ ఇల్లు చూసింది పొద్దువాలాక. లోపలి గదిలో నిలబడి తలుపు మూస్తే నా చెయ్యి నాకు కనిపించలేదు. అంత ఆనందం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు. అందరూ ఇల్లు కొంటారు, నేను చీకటి కొనుక్కుంటున్నాననుకున్నాను. శుక్రవారం లోపు అడ్వాన్సు ఇస్తానని మాటిచ్చాను, అక్కకీ చెప్పాను.

ఆ వారమంతా హోటల్లో బిళ్ళలు అంటించారు. ఆకుపచ్చ బిళ్ళ ఉన్నది మాస్టరుకి, ఎర్రది కంపెనీకి, తెల్లది మాకు. పొయ్యికి ఆకుపచ్చ, పుంజుకి ఎరుపు. తెల్లబిళ్ళ పడ్డవి ఎన్నని అడక్కండి, ఒక ముక్కాలిపీట, గోడగడియారం, అక్క చేతులు తుడుచుకునే గుడ్డ. మంగళవారం మధ్యాహ్నం వెనకబల్ల దగ్గర కళ్ళు మూసుకుంటే ఆ బిళ్ళలు గాల్లో తేలుతూ వచ్చి అన్నిటిమీదా వాలుతున్నాయి. మెట్లమీద, ఆవిరిమీద, తలుపు కిర్రుమనే చప్పుడుమీద. అక్క పక్కకి తిరిగి నన్ను చూస్తోంది. ఆవిడ నుదుటిమీద ఎర్రబిళ్ళ ఉంది. తీద్దామని చెయ్యి చాపితే ఎవరో "అది తీయడానికి లేదండి" అన్నారు.

కళ్ళు తెరిస్తే క్లాజుగారు. పాత ఫైలు తెచ్చాడు, పన్నెండేళ్ళ కిందటి అసలు ఒప్పందం. అక్క ఆ వేళ కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఒక్క విషయం, మేడమ్. పెద్దావిడ హామీ అలాగే కొనసాగుతుంది. మీకు తెలుసనుకుంటాను."

"ఏం హామీ?"

ఆఖరి పేజీ తిప్పి చూపించాడు. రెండు గీతలు. పై గీత మీద అక్క సంతకం, నిటారుగా, చీపురుపుల్లలు పేర్చినట్టు. కింది గీత మీద నాది. పై గీత కింద చిన్న అక్షరాల్లో హామీదారు అని ఉంది. కింది దాని కింద సాక్షి అని ఉంది.

ఆ రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. అద్దాలగది, వేసవిలోనూ వణికించే చల్లగాలి. హోటలు ఆలోచన నాది కాబట్టి పెన్ను నేనే అందుకున్నాను. మా అక్క నా చేతిలోంచి దాన్ని తీసేసుకుంది. "పెద్దదాన్ని నేనుండగా పై గీత నీకెందుకే" అంది అందరి ముందూ. బాత్రూములో వరస, కంచాల్లో వరస, ఆఖరికి కాగితంమీద కూడానా అని మూడురోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ గీతల కింద ఏం రాసుందో చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. గీతలంటే పైది పెద్దవాళ్ళకి, కిందిది చిన్నవాళ్ళకి. మా ఇంట్లో అంతకుమించి అర్థం ఉండేది కాదు.

"అమ్మేశాక ఇంక హామీ ఏమిటండీ" అన్నాను.

"ఒప్పందం ఇంకా నాలుగేళ్ళుంది కదండీ. కొత్తాయన కట్టినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కట్టకపోతే కంపెనీ పెద్దావిణ్ణి అడుగుతుంది. ఫ్లాటు రాసిచ్చారు కదా." నా మొహం చూసి మెత్తగా అన్నాడు. "మీకేమీ బాధ్యత లేదు, మేడమ్. మీరు సాక్షి మాత్రమే."

కళ్ళు పోతున్న మనిషికి ఉన్న గూడు కూడా తాకట్టులో ఉందట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. వదిలించుకునే దారేమిటని అడిగాను. ఇంకొకరు హామీ నిలబడాలన్నాడు. వాళ్ళకి ఆస్తి లేకపోతే ఏడాది రాయల్టీ, అంటే ఆ వందకి ఏడు, డిపాజిట్ కట్టాలి, మాస్టరు సరిగ్గా కడితే నాలుగేళ్ళ తర్వాత తిరిగి ఇస్తారు. పదకొండు లక్షల నలభై వేలు. నా పన్నెండు నా కళ్ళముందే కరిగి అరవై వేలయింది.

దాచడమెందుకు, మొదట నేను అనుకున్నది ఇది: అక్కకి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మాస్టరు కట్టేస్తే ఏ గొడవా ఉండదు. వంటింట్లోకి వెళ్ళాను. మాస్టరు కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. అది ఆయన నెత్తిమీదే ఉంది.

"మాస్టరూ, లెక్కలు ఎవరు చూస్తారు?"

"లెక్కలేముందమ్మా, అంతా ఇక్కడే ఉంటుంది" అని నుదురు తట్టి చూపించాడు. కళ్ళజోడు జారి ముక్కుమీద పడితే సంతోషించాడు. "మూలబల్ల లారీ డ్రైవరు ఆర్నెల్లుగా బాకీ. పాపం, వాళ్ళావిడకి బాగోలేదు. మంచివాడమ్మా, ఇస్తాడు."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఆకలితో పంపిస్తామా?"

నాకు మాస్టరంటే ప్రాణం. ఆయన కాల్చిన కోడి తిన్నవాడు ఇంకోచోట తినలేడు. కానీ ఆ నుదుటిమీద మా అక్క ఇల్లు పెట్టి నాలుగేళ్ళు నిద్రపోగలనా అంటే, పోలేను.

ఆ సాయంత్రం గడియారాలాయన దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని సందు చివరికి వెళ్ళాను. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు మూశాను. చీకటి అలాగే ఉంది, మెత్తగా, నిండుగా, ఏ మూలా చిరుగు లేకుండా. నేలమీదే కూర్చుని గోడకి ఆనుకున్నాను. పక్కింట్లోంచి గడియారాల చప్పుడు వస్తోంది, ఏ రెండూ ఒకే టైము చెప్పడం లేదు. ఎంతసేపున్నానో తెలియదు. కునుకు పట్టే వేళకి, రెప్పల లోపల సన్నగా నారింజ వెలుగు లేచింది. ఆ వెలుగులో మా అక్క తన ఫ్లాటు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరో తలుపు కొడుతున్నారు. వచ్చిందెవరో చూడడానికి మొహం పక్కకి తిప్పుతోంది, ఎంత తిప్పినా కనిపించడం లేదు. నాకు భయం వేసింది. ఆవిడంటే నాకు కోపమే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. కోపం ఉన్నచోట ఇంత భయం ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. తాళం వేసి చెవి తిరిగి ఇచ్చేసి, శుక్రవారానికి నా కోసం చూడొద్దని గడియారాలాయనకి చెప్పాను.

కొత్త కాగితంలో పై గీత నాది. కింది గీత మీద, తన హామీ వదిలిపోవడానికి సమ్మతమేనని అక్క సంతకం పెట్టాలి. అసలు చిక్కు అక్కడుంది. సంగతి చెబితే ఆవిడ చచ్చినా పెట్టదు. పెద్దదాన్ని నేనుండగా నువ్వెవరివే అంటుంది.

శుక్రవారం మూడింటికి నలుగురం వెనకబల్ల దగ్గర కూర్చున్నాం. కుర్చీలు అప్పటికే కొత్తవి, ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు, కదిలితే చప్పుడు. "మొత్తం ఇరవైనాలుగు క్లాజులండీ" అన్నాడు క్లాజుగారు.

"చదువు" అంది అక్క నాతో. పళ్ళపుల్లల డబ్బా ముందుకి లాక్కుని, నేను ఒక్కో క్లాజు చదివినప్పుడల్లా ఒక్కో పుల్ల బల్లమీద పెట్టసాగింది. ఆవిడకదో అలవాటు, కళ్ళు పాడైనప్పటినుంచి అన్నీ వేళ్ళతోనే చూస్తుంది. నేను నంబర్లు చెప్పడం మానేసి, తర్వాతది, ఆ తర్వాతది అంటూ చదివాను. బదిలీ చదివాను, బాకీలు చదివాను, కుర్చీలు చదివాను. పదహారు అయింది. పేజీ తిప్పుతూ దగ్గి, పద్దెనిమిదిలోకి దూకాను. క్లాజుగారు తల ఎత్తి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల తిప్పుకుని అద్దంలోంచి వీధిని చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు. ఆయన్ని ఇన్నాళ్ళు ఏడిపించినందుకు సిగ్గేసింది.

మసాలా మర్చిపోయే క్లాజు దగ్గర మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎప్పుడైనా తినాలనిపిస్తే రండమ్మా. గుర్తు చేస్తాను" అన్నాడు.

ముందు నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాను. తర్వాత అక్క చెయ్యి చాపింది.

"పై గీత ఏది?"

"ఇదిగో" అని ఆవిడ వేలు పట్టుకుని కింది గీత మీద పెట్టాను. మొహం కిటికీ వైపు తిప్పింది, అంటే నన్ను చూస్తోందన్నమాట. తర్వాత నిటారుగా, పుల్లలు పేర్చినట్టు సంతకం పెట్టింది. క్లాజుగారు ఫైలు మూశాడు. మాస్టరు ఇంక హోటలు తనదే కాబట్టి పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళాడు. మేమిద్దరం మిగిలాం.

"ఆయన ఇరవైనాలుగన్నాడు. పుల్లలు ఇరవైమూడే ఉన్నాయి" అంది అక్క.

నేను కుర్చీలో కదిలాను, ప్లాస్టిక్ తొడుగు చప్పుడు చేసింది.

"చదవంది హామీ సంగతేనా?"

"చదివాను."

"పైకి చదవలేదు."

"అక్కడ హామీ ఉందని నీకెలా తెలుసు?"

"పన్నెండేళ్ళ కిందట ఆ అద్దాలగదిలో చదివాను కాబట్టి. అప్పుడు కళ్ళు బాగానే ఉండేవి. నీకు గూడంటూ లేదు, అప్పుల్లోకి కూడా నిన్నే ముందు తొయ్యమంటావా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"పైకి చదవలేదు" అంది.

పొయ్యి అంటుకున్న చప్పుడు వినిపించింది. నేను ఈ పన్నెండేళ్ళలో ఆవిడ గురించి మనసులో అనుకున్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చల్లారిన కంచాలు, చదివేసిన పేపర్లు, అన్నీ. పుల్లలు ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టాను, చెయ్యడానికి ఇంకేమీ లేక.

"తెలిసే కింది గీత మీద పెట్టావా?" అన్నాను చివరికి.

"పన్నెండేళ్ళు పైన కూర్చున్నానే. నడుం పట్టేసింది." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అడిగింది. "గడియారాలాయన ఇల్లు పోయినట్టేనా?"

"పోయింది."

"పైగది ఇప్పుడు మాస్టరుది."

"తెలుసు."

అక్క తన చేతిగుడ్డ మీది తెల్లబిళ్ళ గోటితో గీకి తీసింది. దాన్ని తడుముతూ నా మణికట్టు మీద అంటించింది. "నా వెనకగదికి కిటికీ లేదు. పాత సామాన్లు తీయిస్తే మంచం పడుతుంది. పట్టపగలు కూడా దీపం వేసుకోవాలి ఆ గదిలో."

నేను ఏడుస్తున్నానని ఆవిడకి కనిపించదనుకున్నాను. అంచులు కనిపిస్తాయని మర్చిపోయాను.

"ముందు స్నానం మాత్రం నాదే" అంది.

సరే అక్కా అన్నాను. తువ్వాలు నేనే తెచ్చుకుంటానన్నాను.